తిమ్మిరి అన్న మాట

ఇరవై ఏడేళ్ల నౌకరీలో నన్ను నా పేరుతో పిలిచినవాళ్లు పదిమంది కూడా ఉండరు. సైకిల్ దిగి ఊళ్లో కాలు పెడితే చాలు, పిల్లలు "మచ్చల సారు వచ్చిండు" అని గల్లీ గల్లీకీ చాటింపు వేసేవారు. కుష్ఠు నివారణ శాఖలో చిన్న ఉద్యోగిని. ఇంటింటికీ తిరిగి ఒంటి మీద మచ్చలున్నాయా అని అడగాలి. మచ్చ మీద ఈకతో తాకి స్పర్శ ఉందో లేదో చూడాలి. లేకపోతే పేరు రాసుకుని, నెల నెలా గోళీలివ్వాలి. అంతే నా పని. ఆడవాళ్లు కొంగు సర్దుకుని, "మా ఇంట్ల మచ్చలు లేవు, గిచ్చలు లేవు, పో సారు" అని తలుపు వేసుకునేవారు. నాకు ముక్కు మీదే కోపం. ఎన్ని తలుపుల ముందు ఎంత అరిచానో లెక్కలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడి నా చదువు ఆగిపోయింది. మళ్లీ తెరిచారు గానీ నాకు పుస్తకం మీద మనసు నిలవలేదు. పెద్దపల్లి పక్కన మాకు నీళ్ల పొలముంది, అరక కట్టుకుని బతకొచ్చు. నేను మాత్రం కనపడిన ప్రతి నౌకరీకీ దరఖాస్తు పెట్టి, చివరికి దీనికి ఎంపికయ్యాను. బాపు కాగితం చదివించుకుని, "దునియల గిదొక్కటే దొర్కిందారా నీకు? రేపు నీకు పిల్లనెవడిస్తడు?" అన్నాడు. అవ్వయితే నేను సెలవు మీద ఇంటికొచ్చిన ప్రతిసారీ బావి దగ్గర నీళ్లు తోడిపెట్టి ఉంచేది. స్నానం చేశాకే గడప దాటనిచ్చేది. అది నాకు ఎంత అవమానంగా ఉండేదో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి పోస్టింగు ఆదిలాబాద్. పత్తి కాలంలో ఊరంతా బండ్లే, జిన్నింగు మిల్లుల దుమ్మే. సగం మందికి తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు చెప్పేవారు. అప్పట్లో ఒక్కటే రకం గోళీ ఉండేది, ఏళ్ల తరబడి మింగాలి. నా దగ్గర మిల్లు కూలీ ఒకాయన తొమ్మిదేళ్లు ఒక్క నెల తప్పకుండా వచ్చి గోళీలు తీసుకున్నాడు. మీటింగులో ఆయన కార్డు చూపించి నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ తొమ్మిదేళ్లలోనే ఆయన చేతివేళ్లు ఒక్కొక్కటే కరిగి మొండివైపోయాయి. ఒకనాడు ఆ చేతులు నా ముఖం ముందు పెట్టి, "గోళీలు బరాబర్ తిన్న గద సారూ, మరి గిదేంది?" అని అడిగాడు. నేను కార్డులో 'క్రమం తప్పకుండా వస్తున్నాడు' అని రాసి, తరవాతి పేషెంటును పిలిచాను. ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు. అదే ఇప్పుడు సిగ్గనిపిస్తుంది.

ఆ రోజు ఎందుకు అనిపిస్తుంది చెప్పండి? నెలకొకసారి మీటింగు ఉండేది. మూడే ప్రశ్నలు. ఎందరిని కనిపెట్టావు, ఎందరికి గోళీలిచ్చావు, ఎందరిని విడుదల చేశావు. మందుల గడువు పూర్తయితే ఆ మనిషి 'విడుదల'. జైలు నుంచి వదిలినట్టు పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేవాళ్లం. విడుదలైన మనిషి చెయ్యి ఎట్లా ఉంది, అన్నం కలుపుకోగలుగుతున్నాడా, కాలికి పుండు ఉందా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. పై నుంచి వచ్చే కాగితాల్లో చేతులకూ కాళ్లకూ కళ్లకూ వేరే గడులు వచ్చింది చాలా ఏళ్ల తరవాత. నేను చెప్పబోయేది ఆ గడులు లేని రోజుల మాట.

ఎనభైల చివర్లో నన్ను మెట్‌పల్లి వైపు వేశారు. అప్పటికి మూడు రకాల మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. రెండేళ్లలో పని అయిపోతుంది. నిజంగానే మంచి మందు, అబద్ధమెందుకు చెప్పాలి. పేర్ల మీద ఎర్రగీతలు టపటపా పడుతున్నాయి. మా యూనిట్‌లో నాదే పైచేయి. మీటింగుకు వెళ్తే నా కుర్చీ ముందు వరసలో ఉండేది.

ఆ ఊళ్లలో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే కనిపిస్తారు. అట్లా చుట్టేవాళ్లలో ఒకామె నా దగ్గర మందు తీసుకునేది. ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త దుబాయిలో ఉన్నాడు, ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. వీపు మీద, ముంజేతి మీద మచ్చలు. రోగం ఉన్నట్టు ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే చాట పట్టుకుని అరుగు మీద కూర్చోనివ్వరు, బీడీ కార్ఖానాలో ఆకు ఇవ్వరు. మచ్చల సారు ఇంటికొస్తే ఊరంతటికీ చాటినట్టే కదా. అందుకని ఆమే ఒక దారి చెప్పింది. నెలకొకసారి జొన్నలు పట్టించడానికి గిర్నికి వస్తుంది. అదే రోజు నేను గిర్ని వెనక రేకుల కింద కూర్చుంటాను. ఆమె చెంబులో నీళ్లు తెచ్చుకుని, నా ముందే గోళీలు మింగి, పిండి నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతుంది. గిర్ని మోతలో మేము ఏం మాట్లాడుకున్నా పక్కవాడికి వినపడదు. ఒకరి మాట ఒకరికి కూడా సరిగా వినపడేది కాదు, అది వేరే సంగతి.

రెండేళ్లు ఒక్క నెల తప్పలేదు. ఆఖరి గోళీలు మింగిన రోజు, "ఇగ అయిపోయినట్టేనా సారు?" అని అడిగింది. "అయిపోయింది చెల్లె, నువ్వు విడుదలైనవ్" అని గట్టిగా అరిచి చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చి ఎర్రగీత కొట్టాను.

ఈ రోగం గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. క్రిములు చచ్చిపోయినా కొందరిలో ఒళ్లు ఊరుకోదు. చచ్చిన క్రిముల మీద ఒళ్లు తిరగబడి, నరాలు వాస్తాయి. మోచేతి దగ్గర నరం వాచి నలిగితే కింద వేళ్లు మొద్దుబారి, బలం పోయి, ముడుచుకుపోతాయి. వెంటనే స్టెరాయిడ్ గోళీలు మొదలుపెడితే నరం కోలుకుంటుంది. ఆలస్యమైతే వేలు ముడిచింది ముడిచినట్టే ఉంటుంది. ఇదంతా ట్రైనింగులో నాకు చెప్పారు, పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

విడుదలైన మూడు నెలలకు ఆమె గిర్ని దగ్గర కనపడింది. నేను వేరే మనిషి కోసం కూర్చుని ఉన్నాను. చెంబు పట్టుకుని వెనక్కి వచ్చి, "సారూ, ఏళ్లు తిమ్మిర్లెక్కుతున్నయ్. పొద్దంత తిమ్మిరే" అంది.

బీడీలు చుట్టేవాళ్లలో ఆ మాట అనని మనిషిని నేను చూడలేదు. ప్రతి అరుగు మీదా అదే. నడుం నొప్పి, మెడ నొప్పి, వేళ్ల తిమ్మిరి. నవ్వొచ్చింది నాకు. "బీడీలు జేసెటోళ్లకు తిమ్మిర్లు రాకుంటె ఇంకెవరికొస్తయ్ చెల్లె? చేతులు జర ఉడుకు నీళ్లల్ల పెట్టు. ఫికర్ జెయ్యకు, నీకేంగాదు. నీ పేరు కొట్టేసినం గద!" అని గిర్ని మోత మీద అరిచాను. ఆమె ఇంకేదో అంది, వినపడలేదు. వినపడలేదని మళ్లీ అడగనూ లేదు. చెయ్యి పట్టుకుని చూడలేదు. అర నిమిషం పని అది.

నలభై రోజుల తరవాత బీడీ కార్ఖానాలో సర్వే పెట్టారు. కార్ఖానా అంటే ఒక పెద్ద గది, ముందు వరండా. ఆడవాళ్లు చుట్టిన బీడీలు గంపల్లో తెచ్చి వరసగా కూర్చుంటారు. ఒకతను కట్టలు విప్పి చూసి, బాగా లేనివి పక్కకు పారేస్తాడు. నేను వరస పొడుగునా మచ్చలు చూసుకుంటూ పోతున్నాను. నవ్వులాటలు మామూలే. "సారూ, మా ఆయనకు నెత్తి మీద మచ్చుంది, ఎంటికలే లేవు, జూస్తవా?" అని ఒకామె అంటే అందరూ పకపకా నవ్వారు. ఆ వరసలో ఆమె కూడా ఉంది. నేను ఆమెను ఎరగనట్టు ఉన్నాను. ఆమె నన్ను ఎరగనట్టు తల దించుకుంది.

అప్పుడు బీడీలు చూసేవాడు ఆమె కట్ట విప్పి అంతా ఒకేసారి కింద పారేశాడు. "గివేం బీడీలు? మొనలన్ని ఇప్పుకుంటున్నయ్. నెలసంది గిదే కత. చేతగాకుంటె ఆకు తీసుకపోకు" అని కసిరాడు. ఒక బీడీ దొర్లుకుంటూ నా కాలి దగ్గరికి వచ్చింది. తీసి చూశాను. వదులుగా ఉంది, వేలితో నొక్కగానే విప్పుకుంది. ఆ ఊళ్లో అందరికంటే బిగువుగా చుట్టే మనిషని పేరున్న మనిషి ఆమె. తలెత్తి చూశాను. కింద పడ్డవి ఏరుకుంటోంది. కుడిచేతి చిటికెన వేలు మిగతావాటితో కలవకుండా దూరంగా నిలబడి ఉంది. ఉంగరపు వేలు సగం ముడుచుకుంది.

తిమ్మిరి. నాకు చెప్పింది. నేను నవ్వాను.

వరసలో అంతమంది మధ్య ఆమె చెయ్యి పట్టుకోలేను, పేరు పెట్టి పిలవలేను. గొంతు సవరించుకుని అందరికీ వినపడేటట్టు, "రేప్పొద్దుగాల గిర్ని కాడ గూడ సూస్త. రానోళ్లెవలన్న ఉంటె అక్కడికి రాండ్రి" అన్నాను. ఆమె ఏరుతూ ఏరుతూ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఏరుకుంది. వస్తుందో రాదో తెలియక రాత్రంతా నిద్ర పట్టలేదు.

వచ్చింది. జొన్నల గంప కింద పెట్టగానే చెయ్యి చాపమన్నాను. చిటికెన వేలు చివర నల్లగా కాలిన పొక్కు మచ్చ ఉంది, ఎండిపోయి తోలు లేచింది.

"గిదేంది?"

"మీరే జెప్తిరి గద సారు, ఉడుకు నీళ్లల్ల పెట్టుమని. సుర్రుమనలే. తీసి జూస్తె పొక్కింది."

జేబులో ఉన్న బస్సు టికెట్టు తీసి ఆమె చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య పెట్టి, "గట్టిగ వట్టుకో, నేను గుంజుత" అన్నాను. మామూలు మనిషి పట్టుకుంటే టికెట్టు చిరిగిపోవాలి. గాలికి వచ్చినట్టు నా చేతిలోకి వచ్చేసింది. మోచేతి వెనక తడిమితే నరం నా చిటికెన వేలంత లావుగా ఉంది. కొద్దిగా నొక్కానో లేదో, "అవ్వో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"సారూ, నా చెయ్యి వోతదా?" అని అడిగింది. "గీ చెయ్యి వోతె మా అత్తకు ఎర్కైతది. ఊరికెర్కైతది. మా ఆయన వచ్చే నెల సెలవు మీద వస్తుండు. ఆకు ఎట్ల తెచ్చుకోవాలె, పోరగాండ్లకు ఏం బెట్టాలె?"

"నేను పోనియ్య" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి కరీంనగర్‌లో మా యూనిట్ ఆఫీసుకు వెళ్లాను. మందుల స్టాకు మా పై సారు చేతిలో ఉండేది. నా కంటే పదేళ్లు పెద్ద. చెడ్డవాడు కాదు, కాగితానికి భయపడే మనిషి. సంగతంతా చెప్పాను.

"విడుదలైన పేరుకు మందెట్లిస్తమయ్యా?" అన్నాడు.

"మళ్ల ఎక్కిద్దాం సార్."

"ఎక్కియ్యాలంటె రోగం తిరగబెట్టిందని రాయాలె. మన యూనిట్‌ల ఇప్పటిదాంక ఒక్కటన్న తిరగబెట్టిందా? నీతోనే మొదలు గావాల్నా?"

"తిరగబెట్టలే సార్. నరం వాచింది. స్టెరాయిడ్ గావాలె."

"గా గడి లేదు గదా మన దగ్గర!" అని రిజిస్టరు నా వైపు తిప్పాడు. "క్రిములు సచ్చినయా? సచ్చినయ్. మన పని అయిపోయింది. ఏలు వంకర వోతె గది రోగం గాదు, రోగం ఇడిసిపోయిన గుర్తు. పోయి టీ తాగు, నిమ్మళంగ ఆలోచించు."

"మీ బిడ్డ చెయ్యైతే గుర్తనే అంటరా సార్?" అని అరిచాను. పక్క గదిలో టైపు కొట్టేవాడు చేతులాపేశాడు. పై సారు ముఖం ఎర్రబడింది. "డాక్టర్ రాస్తె ఇస్త. లేకుంటె ఇయ్య. నువ్వు గట్ల మాట్లాడినందుకు మెమో గూడ ఇస్త" అన్నాడు.

మా డాక్టరుకు రెండు జిల్లాల పని అప్పగించారు. ఆ వారం ఆయన ఆదిలాబాద్‌లో ఉన్నాడు, మా వైపు రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. డాక్టరు మనిషిని చూడకుండా స్టెరాయిడ్ రాయడు. బయట కొని నేనే ఇచ్చేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. షుగరుంటే, కడుపులో పుండుంటే మనిషి ప్రాణానికే మోసమొస్తుంది. నేను డాక్టరును కాను. అప్పటికే నా సలహాతో ఒక వేలు కాలింది.

చెప్పి ఉంచినట్టే మర్నాడు గిర్ని వెనక ఆమెను కలిసి, గురువారం ఆదిలాబాద్ పోదామన్నాను. ఇంట్లో చిన్నమ్మ కూతురు కాన్పుకు పోతున్నానని చెప్పింది. బస్సులో ఆమె ముందు సీటు, నేను వెనక సీటు, ముక్కూ ముఖం తెలియనివాళ్లలా కూర్చున్నాం. ఆర్మూర్‌లో బస్సు మారాం. అక్కడ ఆమె ఊరి మనిషే ఒకామె గంపతో ఎక్కి, నేరుగా పోయి పక్కన కూలబడింది.

"ఏడికి పోతున్నవే?"

"ఆదిలాబాద్ దవాఖానకు. మా చిన్నవ్వ బిడ్డ నీళ్లాడింది."

"మరి చెయ్యెందుకు గట్ల కొంగుల చుట్టుకున్నవ్?"

"కత్తెర కోసుకున్నది" అంది ఆమె తడుముకోకుండా. ఆ మనిషి వెనక్కి తిరిగి నన్ను చూసింది. "అగో, మచ్చల సారు గూడ గీ బస్సుల్నే ఉండు. యాడికి వోయినా ఇడువడు గీయన" అని పెద్దగా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నేనూ పళ్లికిలించాను. గోదావరి వంతెన దాటి, నిర్మల్‌లో ఆ మనిషి దిగిపోయేదాకా నేను కిటికీ లోంచి తల తిప్పలేదు.

డాక్టరు వయసులో నా కంటే చిన్నవాడు. మాట తక్కువ. చెయ్యి ముందుకూ వెనక్కూ తిప్పి, ఒక్కొక్క వేలికీ బలం చూసి, పెన్ను మొనతో చర్మం మీద చుక్క చుక్కగా ముట్టి చూశాడు. చిటికెన వేలు మీద ఎన్నిసార్లు ముట్టినా ఆమె కళ్లు మూసుకుని ఊరికే ఉండిపోయింది.

"ఇదెట్లా కాలింది?" అన్నాడు.

"గంజి వంపంగ సారు" అంది ఆమె.

నా వైపు తిరిగాడు. "తిమ్మిరి మొదలై ఎన్నాళ్లయింది? మీకు ఎప్పుడు చెప్పింది?"

నాకు రెండు జవాబులు తెలుసు. నలభై రోజుల కిందట చెప్పింది, నేను నవ్వి పంపించాను. అదొకటి. నా నోటి నుంచి వచ్చింది రెండోది. "మొన్ననే చెప్పింది సార్. చెప్పగానే తీసుకొచ్చిన."

ఆమె నన్ను చూసింది.

"ఇంకా ముందు రావలసింది తల్లీ" అని డాక్టరు ఆమెనే మందలించాడు. "తిమ్మిరి అనిపించిన రోజే చెప్పాలి కదా." ఆమె తల ఊపింది. భూమి చీలితే బాగుండుననిపించింది నాకు. అయినా నోరు తెరవలేదు. ఇరవై ఏళ్ల నౌకరీ, ముందు వరస కుర్చీ, చేతికి రాబోయే మెమో, అన్నీ అడ్డొచ్చాయి.

డాక్టరు మందు రాశాడు. రిజిస్టరులో మళ్లీ ఎక్కించండి, తిరగబెట్టిందని రాయనక్కరలేదు, నరం వాపు అని చేత్తో రాయండి, కింద నేను సంతకం పెడతాను అన్నాడు. ప్రతి నెలా చెయ్యి చూసి, ఏ వేలికి ఎంత బలముందో కాగితం మీద రాసి పంపమన్నాడు. పై సారు ఆ సంతకం చూసి, గొణుక్కుంటూ స్టాకు తీసిచ్చాడు. మెమో మాత్రం ఆపలేదు.

ఆరు నెలలు పట్టింది. భర్త సెలవు మీద వచ్చినన్నాళ్లూ చెయ్యి కొంగు చాటున దాచుకుని, గోళీలు ఉప్పు డబ్బాలో పెట్టుకుని మింగింది. నెల నెలా గిర్ని వెనక బస్సు టికెట్టు వేళ్ల మధ్య పెట్టి లాగేవాడిని. రెండో నెలలో ఉంగరపు వేలు కొంచెం పట్టింది. ఆ రోజు చిన్నపిల్లాడిలా ఎగిరినంత పని చేశాను. నాలుగో నెలకు ఆ వేలు సాపుగా వచ్చింది, బొటనవేలికి బిగువొచ్చింది. బీడీలు మళ్లీ నిలవడం మొదలుపెట్టాయి. చిటికెన వేలు మాత్రం కదల్లేదు. ముడిచి పడుకున్నది లేవలేదు. కడాయి మీద చెయ్యి పెట్టినా దానికి తెలియదు.

గోళీలు ఆపే రోజు వచ్చింది. గిర్ని వెనక కూర్చుని ఆఖరుసారి చెయ్యి చూస్తుండగా కరెంటు పోయింది. గిర్ని ఆగిపోయింది. ఆ రేకుల కింద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"సారూ, ఒక్కమాట అడుగుత. కోపం జెయ్యరు గద?"

"అడుగు చెల్లె."

"గా నాడు తిమ్మిరి అని మీకు జెప్పిన. గప్పుడే గీ గోళీలిస్తె చిటికెనేలు నిలుస్తుండెనా?"

చెప్పలేం, ఒక్కొక్కరిది ఒక్కో ఒళ్లు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"నిలుస్తుండె" అన్నాను.

"నాకెర్కే" అంది. "డాక్టర్ సారు ముంగట మొన్ననే జెప్పింది అన్నరు సూడుండ్రి, గప్పుడే ఎర్కైంది."

"మరి నువ్వెందుకు చెప్పకపోతివి? గంజి వంపంగ అన్నవేంది?"

"జెప్తె మీ నౌకరి వోతుండె. మీరు వోతె నాకు గోళీలెవలిస్తరు? ఊళ్లె ఎవలికీ ఎర్కగాకుంట తెచ్చిచ్చెటోడు ఇంకొకడున్నడా?" అంది. మంచితనంతో నన్ను కాపాడిందని ఆర్నెల్లు అనుకుంటూ వచ్చాను. గతి లేక కాపాడింది. దుఃఖమొచ్చింది నాకు.

ఆమె నా పక్కనున్న రిజిస్టరు వైపు గడ్డంతో చూపించింది. "గండ్ల ఏం రాసిన్రు నా గురించి?"

"నరం వాపు, మందు ఇచ్చినం, ఉంగరపు ఏలుకు, బొటనేలుకు బలం వచ్చింది, అని రాసిన."

"మీరు నవ్వింది రాసిన్రా?"

"లేదు."

"రాయుండ్రి. రేపు ఇంకో ఆడిది తిమ్మిరంటె సదువుకుందురు" అని, జొన్నల గంప ఎత్తుకుని గిర్ని ముందుకు పోయి కూర్చుంది, కరెంటు కోసం.

నేను కలం తీశాను. ఆమె నంబరు ఎదురుగా గడులన్నీ నిండిపోయి ఉన్నాయి. గడుల అవతల, కాగితం అంచున ఉన్న జాగాలో, విడుదల అన్న తేదీకి మూడు నెలల తరవాతి తేదీ వేసి రాశాను: 'వేళ్లు తిమ్మిరి అని చెప్పింది. నేను చెయ్యి చూడలేదు. నవ్వి పంపించాను. చిటికెన వేలు పోయింది.' కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం చేశాను.